అత్తగారి మోకాళ్ళకు అనుమతి

పదిహేడేళ్ళుగా నేను ఇందుమతిగారి గొంతుని. ఆ పదిహేడేళ్ళలో ఆవిడని ఒక్కసారి కూడా కలవలేదు.

ఇందులో వింతేమీ లేదు, మా పని తీరే అంత. 'మేడమెట్లు' అనే డైలీ సీరియల్లో అత్తగారు భువనేశ్వరమ్మ మొహం ఇందుమతిగారిది, గొంతు నాది. ఊరి చివర సెట్లో ప్రాంప్టర్ పక్కనుంచి చదివే మాటలకి ఆవిడ పెదాలు కదిపి వెళ్ళిపోతారు. నాలుగు రోజుల తర్వాత కృష్ణానగర్‌లో ఒక ఇరుకు గదిలో, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, తెరమీద ఆ పెదాలు చూస్తూ నేను మాట్లాడతాను. మాట్లాడి, ఇంటికొచ్చి కూర వండుకుంటాను. ఆ మధ్య మా వీధిలో తోపుడుబండి దగ్గర వంకాయలు ఏరుతూ "ఇవి పుచ్చులమ్మా" అన్నాను. పక్కనున్న కొత్తకోడలు చేతులు కట్టుకుని తలొంచుకుని నిలబడిపోయింది. ఎందుకలా నిలబడిందో ఆ పిల్లకీ తెలియలేదు.

ఎదురుపడకపోయినా ఇందుమతిగారి పెదవుల గురించి నాకు తెలిసినంత ఆవిడ కన్నకొడుక్కి కూడా తెలియదు. సెట్లో మేడమెట్లు పదకొండు. భువనేశ్వరమ్మ ప్రతి ఎపిసోడ్లోనూ కనీసం రెండుసార్లు ఆ మెట్లు దిగాలి. ఆవిడ దిగుతుంటే కింద కోడళ్ళు ముగ్గురూ ఒక్కొక్కరే తలెత్తాలి, ఒక్కొక్కరి మొహం మీదికీ కెమెరా మూడేసిసార్లు వెళ్ళాలి. అదంతా అయ్యేదాకా ఆవిడ ఒక కాలు పై మెట్టు మీద, ఒక కాలు కింది మెట్టు మీద పెట్టి నిలబడాలి. ఆరేళ్ళ క్రితం ఒకరోజు, నాలుగో మెట్టు దగ్గర ఆవిడ పెదవులు ఒక్క క్షణం విడిపడి బిగుసుకోవడం చూశాను. స్క్రిప్టులో అక్కడ మాటేమీ లేదు. పెదవి కదిలితే గొంతు వినపడాలి, లేకపోతే సౌండ్ ఇంజనీరు ఒప్పుకోడు. అందుకని "రామా" అన్నాను.

జనానికి అది తెగ నచ్చింది. భక్తి అనుకున్నారు. ఆ నాలుగో మెట్టు ఫోటో, కింద "రామా" అన్న మాట, క్యాలెండర్ల మీద అచ్చయింది. ఫోను మోగితే "రామా" అనే ఏర్పాటు కూడా వచ్చింది. అది భక్తి కాదు, మోకాళ్ళ నొప్పి అని తెలిసినవాళ్ళం ఇద్దరమే, ఆవిడా నేనూ. నాకు తెలుసని ఆవిడకి తెలుసో లేదో నాకు తెలియదు.

ఆవిడ ఇంటి సంగతులు తర్వాత తెలిశాయి. వాళ్ళ సొంతిల్లు రెండు వాటాలు. కింది వాటాలో ఆవిడ, పై వాటాలో కొడుకు, కోడలు, మనవరాలు. రోజంతా సెట్లో మెట్లెక్కి దిగిన మనిషి ఇంటికొచ్చాక ఒక్క మెట్టు ఎక్కలేకపోయేది. ఆరేళ్ళుగా పై వాటా చూడలేదు. మనవరాలు పుట్టినప్పుడు పైన ఉయ్యాల వేస్తే, ఆ ఉయ్యాల పాట కింద కుర్చీలో కూర్చుని విన్నారట. ఈ ఏడు డాక్టరు రెండు మోకాళ్ళూ మార్చాలన్నాడు. ఎండాకాలం వచ్చేలోపల చేయిస్తే నడుస్తారు, ఇంకా సాగదీస్తే ఆపైన చక్రాల కుర్చీయేనని కూడా చెప్పాడు. ఆపరేషన్ తర్వాత మూడు నెలలు మెట్ల వైపు చూడకూడదు.

ఇది సీరియల్ వాళ్ళకి పెద్ద సమస్య కాదు. పెద్దవాళ్ళకి సెలవు కావాలంటే కాశీకి పంపుతారు. ఒక సంచీ, కన్నీళ్ళతో ఒక దీవెన, గుమ్మం ముందు ఒక కారు. మూడు నెలలు పోయాక గంగాజలం చెంబుతో తిరిగొస్తారు. మా డైరెక్టరు శ్రీకర్ ఆ సీను రాయించేశాడు కూడా. సరిగ్గా ఆ వారమే కొత్త నియమావళి వచ్చింది.

దానికో కారణముంది. వేరే చానల్లో, వేరే సీరియల్లో, మామగారి పాత్ర ఒకరోజు పొద్దున్నే పాలపాకెట్ కోసం బయటికి వెళ్ళింది. ఆ నటుడికి సినిమాలో అవకాశం వచ్చింది. రచయిత ఆయన్ని మర్చిపోయాడు. ఎనిమిది నెలలపాటు ఆ ఇంట్లో ఎవరూ నాన్నగారేరీ అని అడగలేదు. దసరా చేసుకున్నారు, దీపావళి చేసుకున్నారు, చిన్నకూతురి పెళ్ళిలో కన్యాదానం దగ్గర బాబాయి కూర్చున్నాడు. విశ్రాంత ఉద్యోగుల సంఘం వాళ్ళు ప్లకార్డులు పట్టుకుని ఊరేగారు. ఆ పాలపాకెట్ ఎక్కడ అని వాటి మీద రాసి ఉంది. ప్రభుత్వం చలించింది. పదిహేను రోజుల్లో 'ధారావాహిక వయోవృద్ధ పాత్రల సంరక్షణ విభాగం' ఏర్పడింది. అరవై దాటిన ఏ పాత్రా ఇకమీదట విభాగం వారి నిరభ్యంతర పత్రం లేకుండా తన ఇంటి గడప దాటకూడదు. చావడానికి వేరే ఫారం.

ప్రొడక్షన్ మేనేజరు భువనేశ్వరమ్మ కాశీయాత్రకి దరఖాస్తు పెట్టాడు. నటికి మోకాళ్ళ ఆపరేషన్ అని కూడా రాశాడు. నటి మోకాళ్ళు విభాగం పరిధిలోకి రావనీ, పాత్ర మోకాళ్ళు బాగానే ఉన్నట్లు దినదినమూ ప్రసారములో కనబడుచున్నదనీ జవాబు వచ్చింది. పాత్ర యాత్రకు వెళ్ళదలచినచో కుమారుల సమ్మతి జతచేయవలెనట.

ఇది చిక్కు తెచ్చింది. భువనేశ్వరమ్మకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు రెండేళ్ళుగా కోమాలో ఉన్నాడు, ఆ నటుడు వేరే చానల్లో వంటల పోటీ నడిపిస్తున్నాడు కాబట్టి. రెండోవాడికి గతం గుర్తులేదు. మూడోవాడు అసలు ఆవిడ కొడుకే కాదని నిరుడు దసరా వారంలో తేలింది. ఈ సంగతులు వివరంగా రాసి పంపితే, విభాగం వారు సహృదయంతో స్పందించారు. కోమాలో ఉన్నవారి వేలిముద్ర చాలునన్నారు. గతం గుర్తులేనివారు ప్రస్తుతం వరకు సంతకం చేయవచ్చునన్నారు. మూడోవాడి విషయంలో మాత్రం, కన్నతల్లి ఎవరో తేలేవరకు ఫైలు పెండింగులో ఉంచారు. అది తేల్చడానికి రచయితలు వచ్చే ఏడాది సంక్రాంతి వరకు గడువు పెట్టుకుని ఉన్నారు. విభాగం కోసం ఒక్క వారంలో తేల్చేశారు. ఆ వారం మా సీరియల్లో ముగ్గురు ఆడవాళ్ళు వరసగా గుమ్మంలోకొచ్చి "వాడు నా కొడుకు" అన్నారు. ముగ్గురికీ గొంతు నాదే, మనిషి మనిషికీ జలుబు మారుస్తూ చెప్పాను.

తర్వాత క్షేత్ర పరిశీలన. సూపరింటెండెంట్ జ్ఞానప్రసూనగారు టేపు, టార్చిలైటు, రెండు రిజిస్టర్లు పట్టుకుని సెట్‌కి వచ్చారు. నిజాయితీపరురాలు. టీ కూడా ముట్టుకోలేదట. వంటింట్లో పంపు తిప్పితే నీళ్ళు రాలేదు, రాసుకున్నారు. ఫ్రిజ్జు తలుపు తీస్తే లోపల మేకప్ సామాను. రాసుకున్నారు. పాత ఎపిసోడ్లన్నీ తిరగేసి, వృద్ధురాలి మీద ఆరుసార్లు పాయసంలో విషప్రయోగం జరిగిందనీ, ఒక్కసారీ వైద్యపరీక్షల కాగితాలు లేవనీ తేల్చారు. ఇంకో సంగతి మాకెవ్వరికీ తట్టనిది కనిపెట్టారు. పదిహేడేళ్ళలో భువనేశ్వరమ్మ ఒక్క ముద్ద కూడా మింగలేదు. ముద్ద నోటిదాకా వచ్చేసరికి ఫోనో, పోలీసులో, ఇంకో కోడలో వచ్చేవారు.

చివరికి ఆవిడ పడకగది చూపించమన్నారు. పైనుందని చెప్పి శ్రీకర్ నాలుక కరుచుకున్నాడు. జ్ఞానప్రసూనగారు మెట్లెక్కారు. పదకొండో మెట్టు తర్వాత గది లేదు. ఒక చెక్కబల్ల, వెనకాల నల్లగుడ్డ, ఒక లైటు స్టాండు, ఎవరిదో సగం తిన్న టిఫిన్ డబ్బా. ఆ బల్ల మీద ఇందుమతిగారు పట్టుచీర కట్టుకుని, గోడకి ఆనుకుని నిలబడి, కింద నుంచి పిలుపు కోసం ఎదురుచూస్తున్నారు. సూపరింటెండెంటుగారు రిజిస్టరులో ఇలా రాశారు. "వృద్ధురాలికి పడకగది లేదు. ఈమె పదిహేడు సంవత్సరములుగా ఒక చెక్కబల్లపై నిలబడి యున్నది."

ఆ ఫైలు మొత్తంలో నిజమైన వాక్యం అదొక్కటే. దానికి విరుగుడుగా నల్లగుడ్డ మీద ఒక తలుపు బొమ్మ వేయించి, ఫోటో తీసి పంపమన్నారు. పంపారు. పడకగది ఏర్పాటైనట్లు నమోదైంది.

ఇదంతా జరిగేసరికి మాఘమాసం దాటిపోయింది. తెరమీద చూస్తున్నాను కదా, నాలుగో మెట్టు దగ్గర ఉండే నొప్పి ఆరో మెట్టుకి, తర్వాత ఎనిమిదో మెట్టుకి పాకింది. ఒక్కో ఎపిసోడ్లో నేను ఏడెనిమిది "రామా"లు చెప్పాల్సి వచ్చేది. ఒకసారి మెట్టుమెట్టుకీ చెప్పాను. రేటింగు పెరిగింది. చానల్ వాళ్ళు శ్రీరామనవమికి ప్రత్యేక ఎపిసోడ్ వేద్దామనీ, అందులో ఆవిడ మెట్లు నూటెనిమిదిసార్లు దిగితే బాగుంటుందనీ అన్నారు.

అప్పుడు విచారణకి నోటీసు వచ్చింది. 'శ్రీమతి భువనేశ్వరమ్మ, మేడ' అన్న చిరునామాకి. వ్యక్తిగతముగా హాజరై, గృహ నిష్క్రమణ స్వచ్ఛందమని వాంగ్మూలము ఇవ్వవలెను.

విభాగం ఒక పాత భవనంలో మూడో అంతస్తు. లిఫ్టు ఉంది. దాని తలుపు మీద 'వృద్ధులకు ప్రాధాన్యత' అని రాసి ఉంది, దాని కింద 'పనిచేయదు' అని ఇంకో కాగితం అంటించి ఉంది. విచారణ కింద వరండాలో పెట్టమని మేనేజరు బతిమాలాడు. విచారణ స్థలం మారిస్తే గెజిట్లో వేయాలన్నారు. అందుకని ఇద్దరు అటెండర్లు ఇందుమతిగారిని ప్లాస్టిక్ కుర్చీతో సహా ఎత్తుకుని మోసుకెళ్ళారు. పట్టుచీర, కాసులపేరు, అన్నీ పెట్టుకునే రమ్మన్నారు కాబట్టి అలాగే వెళ్ళారు. మూడో అంతస్తు చేరేలోపు వాళ్ళిద్దరూ తమ ఊళ్ళో పొలం పంపకాల మీద ఆవిడ తలూపితే దాన్నే తీర్పుగా కూడా తీసుకున్నారట.

ఉపసంచాలకులు చిదంబరరావుగారు ఆవిడ రాగానే లేచి నిలబడ్డారు. ఆవిడ గృహమును వీడుట స్వచ్ఛందమేనా అని ఎంతో వినయంగా అడిగారు. ఇందుమతిగారు "అవునండీ" అన్నారు.

గదిలో అందరూ తలెత్తి చూశారు. ఇందుమతిగారి సొంత గొంతు సన్నగా, ఆరో తరగతి ఆడపిల్ల పద్యం అప్పజెప్పినట్టు ఉంటుంది. నాటకాల్లో ఆ గొంతు చూసే ఆవిడకి చెలికత్తె వేషాలు తప్ప ఇవ్వలేదు. సీరియల్లో ఆ గొంతు ఎవరూ వినలేదు. చిదంబరరావుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ అడిగారు. ఆవిడ మళ్ళీ "అవునండీ, నేనే అడిగానండీ" అన్నారు. ఆయన ఫైలు మూసేశారు. "ఈ కంఠము భువనేశ్వరమ్మగారిది కాదు. వేరెవరో వచ్చి ఆమె తరఫున గృహత్యాగము చేయించ ప్రయత్నించుచున్నారు" అని రాయించి, విచారణ వాయిదా వేశారు.

అలా నాకు ఫోనొచ్చింది.

రెండో విచారణ రోజు భవనం కింద వరండాలో ఆవిడ కుర్చీలో కూర్చుని ఉన్నారు. తెరమీద కనిపించేంత ఎత్తు లేరు. నన్ను చూసి కుర్చీలో కొంచెం ముందుకి జరిగారు. తర్వాత ఆ సన్నటి గొంతుతో, "నాలుగో మెట్టు మీరేనా?" అన్నారు.

నేనేనన్నాను.

"మా అబ్బాయికి కూడా చెప్పలేదండీ నొప్పని. పని పోతుందని. ఇంట్లో టీవీ చూస్తుంటే ఆ మెట్టు దగ్గర 'రామా' అని వినపడింది. నేనేమో పళ్ళు బిగించుకుని దిగాను, అది ఎవరికో తెలిసిపోయింది. ఎవరో చూశారులే అనుకుని ఆ రాత్రి హాయిగా పడుకున్నా."

నా చెయ్యి పట్టుకున్నారు. అటెండర్లు కుర్చీ ఎత్తేదాకా వదల్లేదు.

పైన చిదంబరరావుగారు ఏర్పాట్లన్నీ చేసి ఉంచారు. ఆయన ఎదురుగా ఇందుమతిగారు కూర్చోవాలి. నేను బీరువా వెనకాల కూర్చోవాలి, ఆయనకి కనపడకూడదు. ఆయన అడుగుతారు, ఆవిడ శబ్దం రాకుండా పెదవులు కదపాలి, బీరువా వెనక నుంచి నేను పలకాలి. పెదవీ ధ్వనీ ఏకకాలములో లేనిచో వాంగ్మూలము చెల్లదు. జ్ఞానప్రసూనగారు చేతిలో గడియారం పట్టుకుని కూర్చున్నారు.

మొదటి జవాబుకే అభ్యంతరం వచ్చింది. పెదవులు ముందు ఆగినవి, ధ్వని తరువాత ఆగినది అని జ్ఞానప్రసూనగారు చదివి వినిపించారు. బీరువా వెనక నుంచి నాకు పెదవులు కనపడితే కదా. ఆ మాట బీరువా వెనక నుంచే చెప్పాను. భువనేశ్వరమ్మ గొంతు విని చిదంబరరావుగారు సగం లేచి, ఇందుమతిగారి పెదవులు కదలడం లేదని గమనించి కూర్చున్నారు. సాక్షి పెదవులు కదల్చకుండా మాట్లాడినట్లు రికార్డులో ఎక్కింది. కాసేపు చర్చ జరిగాక, అటెండర్లు వెళ్ళి బాత్రూములో వాష్‌బేసిన్ మీద అద్దం పీకి తెచ్చారు. దాన్ని గోడకి ఆనించి, ఇటు తిప్పి అటు తిప్పి, చివరికి నాకు ఆవిడ మొహం కనపడేటట్టు నిలబెట్టారు. అంచున కొంచెం సబ్బు నురగ ఉంది. తుడవమంటే, అద్దం వేరే సెక్షన్ ఆస్తి అన్నారు.

ఆ తర్వాత సాఫీగా జరిగింది. పేరు, వయసు, ఇంట్లో ఎవరెవరున్నారు, కాశీ ఎందుకు. మేనేజరు రాసిచ్చిన కాగితం ప్రకారం ఆవిడ పెదవులు, నా గొంతు జంటగా నడిచాయి. ఇక సంతకమే తరువాయి అనుకుంటుండగా చిదంబరరావుగారు కాగితంలో లేని ప్రశ్న వేశారు.

"అమ్మా, గృహములో ఎవరిమీదనైనా మీకు ఫిర్యాదు ఉన్నదా?"

అద్దంలో ఆవిడ మొహం చూశాను. ఆవిడ తన మోకాళ్ళ వైపు చూసుకున్నారు. తర్వాత పెదవులు కదిలాయి. స్క్రిప్టు లేదు, ప్రాంప్టరు లేడు. పదిహేడేళ్ళుగా చూస్తున్న పెదవులు. అవి ఏమనబోతున్నాయో అనకముందే నాకు తెలిసింది. పలికాను.

"ఎవరిమీదా లేదు నాయనా. మెట్లమీద ఉంది. ఇన్నేళ్ళుగా దిగుతూనే ఉన్నాను. పైన ఏముందని దిగుతున్నాను? పైన బల్ల ఉంది. దానిమీద నిలబడి పిలుపు కోసం చూస్తాను, పిలిస్తే దిగుతాను. దిగాక మళ్ళీ దిగడానికే ఎక్కుతాను. ఒక్కసారి నిజంగా మెట్లెక్కాలని ఉంది. ఎక్కితే పైన ఒక గది ఉండాలి. ఆ గదిలో మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చోవాలి. మా మనవరాలు పక్కన కూర్చోవాలి. అంతకంటే ఏమీ వద్దు. దానికి మోకాళ్ళు కావాలి నాయనా."

ఆవిడ మాటలు ఎక్కడ ఆగాయో, నావి ఎక్కడ మొదలయ్యాయో నాకు తెలియదు. చిదంబరరావుగారు రుమాలు కోసం జేబులు వెతుక్కుంటున్నారు. ఒక అటెండరు గోడ వైపు తిరిగాడు. అప్పుడు జ్ఞానప్రసూనగారు గొంతు సవరించుకుని చదివారు. "ఏకకాలము, సంతృప్తికరము. అయితే సాక్షికి మనవరాలు ఉన్నట్లు కథలో ఎక్కడనూ లేదు."

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. చిదంబరరావుగారు రాత్రింబవళ్ళు ఆలోచించి రాశారట. అందులో ముఖ్యభాగం ఇది. "సదరు పాత్ర గృహమును వీడుటకు అనుమతి నిరాకరించడమైనది. అయితే, విచారణలో పాత్ర ముఖ భాగము, కంఠ భాగము అను రెండు విడి భాగములుగా యున్నట్లు తేలినందున, ముఖ భాగమునకు తొంబది దినముల సెలవు మంజూరు చేయడమైనది. కంఠ భాగము సదరు కాలములో గృహమందే నివసించవలెను."

ఇందుమతిగారు ఆసుపత్రిలో చేరారు. నేను మేడలో చేరాను.

నివసించవలెను అంటే నివసించవలసిందే. భువనేశ్వరమ్మ దీక్ష పూని పూజగదిలో తలుపు వేసుకున్నట్లు కథ మార్చారు. కొడుకులు, కోడళ్ళు తలుపు బయట నిలబడి ఏడుస్తారు, లోపల నుంచి ఆవిడ జవాబు చెబుతుంది. కృష్ణానగర్ గదిలో చెప్తానంటే విభాగం ఒప్పుకోలేదు. రోజూ పొద్దున తొమ్మిదింటికి సెట్‌కి వెళ్ళి, ప్లైవుడ్ పూజగదిలో, థర్మోకోల్ దేవుడి ముందు స్టూలు వేసుకుని కూర్చునేదాన్ని. జ్ఞానప్రసూనగారు వచ్చి తలుపు తట్టేవారు. నేను భువనేశ్వరమ్మ గొంతుతో ఎవరమ్మా అనాలి. తలుపు సందులోంచి హాజరు పట్టీ తోసేవారు. భోజనం కూడా అక్కడే. మూడు ఎపిసోడ్లకి ఒకసారైనా వృద్ధురాలు అన్నం తినాలని నియమం కాబట్టి, నేను మింగిన చప్పుడు రికార్డు చేసేవారు. భువనేశ్వరమ్మ మొదటి ముద్ద మింగిన రోజు సీరియల్ చివర ప్రత్యేక ప్రకటన వేశారు. మా ఆయన ఇంట్లో టీవీ ముందు కూర్చుని, ఇవాళ బెండకాయ వేపుడు తిన్నట్టుందే అన్నారు. నిజమే.

శ్రీకర్‌కి దిగులుగా ఉండేది, మొహం లేకపోతే ఎవరు చూస్తారని. రెండో వారానికే రేటింగు రెట్టింపైంది. మూసిన తలుపు వెనక పెద్దావిడ ఏం చేస్తోందో అని ఊరంతా ఆలోచనలో పడింది. తలుపు ముందు కొబ్బరికాయలు కొట్టడానికి బస్సులు మాట్లాడుకుని వచ్చారు. నేను లోపల స్టూలు మీద కూర్చుని, మా చిన్నమ్మాయి పరీక్ష ఫీజు గుర్తొచ్చి అనాలోచితంగా "అయ్యో" అంటే, బయట ఇరవైమంది సాష్టాంగపడ్డారు.

మిగతా చానళ్ళు ఊరుకుంటాయా? వృద్ధ పాత్రలకి ముఖం పెడితే ఇన్ని ఫారాలు, కంఠం ఒక్కటైతే హాజరు పట్టీయే. నెల తిరిగేసరికి తెలుగు సీరియళ్ళలో అత్తలు, మామలు, తాతలు, అందరూ తలుపులు వేసుకున్నారు. పాలపాకెట్ మామగారు కూడా తిరిగొచ్చి, ఎవరికీ కనపడకుండా స్టోరురూములో చేరాడు. తెరమీద వృద్ధులు కనపడటం మానేశారు కాబట్టి వాళ్ళమీద నిర్లక్ష్యం కూడా కనపడటం మానేసింది. విభాగం దీన్ని నూరుశాతం ఫలితంగా నమోదు చేసింది. ఆ సందర్భంలో జరిగిన సభలో 'ఆదర్శ వృద్ధ పాత్ర' పురస్కారం మా పూజగది తలుపుకి వచ్చింది. నలుగురు మోసుకెళ్ళి వేదిక మీద కుర్చీలో నిలబెట్టారు. చిదంబరరావుగారు దానికి శాలువా కప్పి, గడియకి దండ వేశారు. తలుపు తరఫున రెండు మాటలు చెప్పమన్నారు. నేను తలుపు వెనకాల నిలబడి చెప్పాను.

ఎనభై ఏడో రోజున ఇంకో ఉత్తరం వచ్చింది. కవరు చింపకుండానే బ్యాగులో వేసుకుని, జ్ఞానప్రసూనగారికి కంఠభాగమునకు పంటినొప్పి అని చెప్పి, ఇందుమతిగారి ఇంటికి వెళ్ళాను.

ఆవిడ ఇంటి ముందు, బయటి మెట్ల కింద నిలబడి ఉన్నారు. మామూలు నూలు చీర. చేతిలో కర్ర. మూడు నెలలు నిండకపోయినా ఫిజియోథెరపీ అమ్మాయి ఇవాళ ఎక్కొచ్చని చెప్పి వెళ్ళిందట. కొడుకూ కోడలూ పై గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. దిగి వచ్చి పట్టుకుంటామంటే ఆవిడ వద్దని అక్కడే ఆపేశారు. ఐదేళ్ళ మనవరాలు మాత్రం ఒక్కో మెట్టూ వెనక్కి ఎక్కుతూ, లెక్కపెడుతోంది.

నేను వెనకాలే నడిచాను. ఒకటి. రెండు. మూడు. నాలుగో మెట్టు మీద ఆవిడ కాలు పెట్టగానే, ఆరేళ్ళ అలవాటు కదా, నా నోట్లోంచి "రామా" అని వచ్చేసింది.

ఆవిడ ఆగి వెనక్కి తిరిగారు. పెదవులు బిగుసుకుని లేవు. నవ్వుతున్నాయి.

"ఎందుకండీ?" అన్నారు, సన్నగా.

మిగతావి ఎక్కేశారు. పదకొండు కాదు, పద్దెనిమిది మెట్లు. పైన బల్ల లేదు. గది ఉంది. మంచం, దానిమీద ఉతికిన పూల దుప్పటి, గోడమీద పిల్ల గీసిన బొమ్మలు, కిటికీలోంచి ఎండ. ఆవిడ మంచమెక్కి, గోడకి దిండు పెట్టుకుని, కాళ్ళు చాపుకున్నారు. మనవరాలు ఎగిరి పక్కన కూర్చుని, మోకాళ్ళ మీద మచ్చలు వేలితో తడిమి చూసింది. కోడలు కాఫీ తెచ్చింది. ఆవిడ గ్లాసు నోటిదాకా తీసుకెళ్ళారు. ఎవరూ రాలేదు. తాగారు.

అప్పుడు ఉత్తరం తీసి చదివాను. ముఖ భాగము తొంబదవ దినమున ఉదయము తొమ్మిది గంటలకు మేడ కింది భాగములో హాజరు కావలెనట. మార్పిడి చేసిన మోకాళ్ళు పాత్రకు చెందునా, నటికి చెందునా అన్నది తేల్చుటకు పాత మోకాళ్ళను వెంట తీసుకురావలెనట. చదవడం పూర్తికాకముందే నా ఫోను మోగింది. జ్ఞానప్రసూనగారు. పంటినొప్పి ధ్రువీకరణ పత్రం సంగతి అడుగుతారేమో అనుకుంటూ ఎత్తాను. అది కాదు. ఉత్తరం అందినదా, భువనేశ్వరమ్మగారు ఎక్కడ ఉన్నారు, ఎప్పుడు వచ్చెదరు అని ఆవిడ ప్రశ్నలు.

ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టి ఇందుమతిగారికి చెప్పాను. మీరు మాట్లాడతారా అన్నాను.

"నా గొంతు చెల్లదు కదండీ," అన్నారు ఆవిడ. దిండు సర్దుకుని, మనవరాలిని దగ్గరికి లాక్కుని, నా వైపు చూసి పెదవులు కదిపారు. శబ్దం లేదు. అద్దం అవసరం లేకపోయింది.

నేను ఫోను నోటి దగ్గర పెట్టుకుని, మేడ దద్దరిల్లే ఆ గొంతుతో పలికాను. "జ్ఞానప్రసూనా, నేను పైన ఉన్నానమ్మా. మా గదిలో."

అటువైపు కలం తెరిచిన చప్పుడు వినిపించింది. కిందికి ఎప్పుడు దిగెదరు అని ఆవిడ చాలా నెమ్మదిగా అడిగారు.

ఇందుమతిగారి పెదవులు తీరిగ్గా కదిలాయి.

"పెద్దదాన్ని కదమ్మా. గడప దాటాలంటే మీ అనుమతి ఉండాలి. ఏ ఫారమో, ఏమిటో, నింపి పంపిస్తాను. తొందరేమీ లేదు. మీ పద్ధతి ప్రకారం కానివ్వండి."

"అలాగేనమ్మా" అని జ్ఞానప్రసూనగారు ఫోను పెట్టేశారు. మనవరాలు నా నోటి వైపు, వాళ్ళ నాయనమ్మ నోటి వైపు మార్చి మార్చి చూసి, ఇంకోసారి చెయ్యమంది.